దయ్యాల సినిమాలతో బొమ్మల పాఠం: ఎంత చూపాలి, ఎక్కడ ఆపాలి

ప్రశ్న: నేను రాజమహేంద్రవరంలో మా ఇంటి మేడ మీద ప్రతి ఆదివారం ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు చిత్రలేఖనం నేర్పుతున్నాను. ఏ బొమ్మ వేయమన్నా రెండు కొండలు, వాటి మధ్య సూర్యుడు, ఒక గుడిసె, ఒక కొబ్బరిచెట్టు వేసి ఇస్తున్నారు. ఈ మధ్య ఒక బాబు తనంతట తానే దయ్యాల మేడ వేస్తే పిల్లలందరూ ఆ కాగితం చుట్టూ మూగిపోయారు. అప్పటి నుంచి, భయం గొలిపే సినిమాలలోని దృశ్యాలను చూపించి వెలుగునీడలు, గీత, రంగు నేర్పితే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తున్నాను. ఒక తల్లి మాత్రం, తన కూతురు రాత్రిపూట పక్క గదిలోకి వెళ్లడానికే భయపడుతుందనీ, ఇలాంటివి చూపిస్తే పిల్లను మాన్పించేస్తాననీ అన్నారు. నా ఆలోచన సరైనదేనా? ఏ సినిమాలు పనికివస్తాయి? ఇందుకోసం ప్రొజెక్టర్ కొనాలా?

సమాధానం: మీ ఆలోచన సరైనదే, ఒక షరతు మీద. తరగతిలో ఏ పెద్ద సినిమానూ మొదటి నుంచి చివరి వరకు వేయకండి. పది సెకన్ల దృశ్యం, లేదా కదలకుండా నిలిపిన ఒకే ఒక్క చిత్రం, ఆ వయసు పిల్లలకు ఒక ఆదివారానికి సరిపోయే పాఠం. కథ నడుస్తున్నంతసేపూ పిల్లల మనసు తర్వాత ఏం జరుగుతుందన్న దాని మీదే ఉంటుంది. బొమ్మను ఆపి నిలబెట్టినప్పుడే, వెలుగు ఎటు నుంచి పడుతోందో, ఆ కిటికీ ఎందుకు వంకరగా ఉందో చూసే తీరిక వారికి దొరుకుతుంది. భయం విషయంలోనూ ఇది మేలు చేస్తుంది. సినిమాలో భయాన్ని పెంచేవి చాలావరకు ఎదురుచూపు, సంగీతం. ఆగిన బొమ్మలో ఆ రెండూ ఉండవు.

రెండు కొండల బొమ్మ మీ తరగతిలోనే కాదు, మన దేశంలో దాదాపు ప్రతి తరగతిలోనూ ఉంది. పిల్లలు దానిని చూసి వేయరు, ఎక్కం అప్పజెప్పినట్టు వేస్తారు. అందులో వారు తేల్చుకోవలసినది ఏమీ ఉండదు: సూర్యుడు ఎప్పుడూ ఆ రెండు కొండల నడుమే ఉంటాడు, గుడిసెకు ఎప్పుడూ నీడ పడదు. దయ్యాల మేడ వేసిన బాబుకు మాత్రం ప్రతి గీత దగ్గరా ఒక నిర్ణయం తప్పలేదు. తలుపు మూసి ఉండాలా, ఓరగా తెరిచి ఉండాలా. కిటికీలో దీపం ఉండాలా, రెండు కళ్లు ఉండాలా. చంద్రుడు మేడ వెనక ఉంటే మేడ ముందుభాగం నల్లగా ఉండాలి కదా. పైగా ఫలితం అప్పటికప్పుడే తెలిసిపోతుంది, ఎందుకంటే పక్కన కూర్చున్నవాడు 'అమ్మో' అన్నాడో, పకపకా నవ్వాడో వేసినవాడికి వినబడుతుంది. చిత్రకళలో ఇంత త్వరగా జవాబు చెప్పే విషయం మరొకటి నాకు కనిపించదు. అన్నం తినకపోతే బూచాడికి పట్టిస్తామని బెదిరించే పెద్దలమే, పిల్లలు ఆ బూచాడి బొమ్మ వేస్తామంటే కంగారు పడటం కొంచెం విచిత్రం.

మొదటి ఆదివారం సినిమా ఊసే ఎత్తకండి. గది తలుపులు దగ్గరకు వేసి, ఒక కొండపల్లి బొమ్మనో, అది దొరకకపోతే ఒక గుండ్రటి వంకాయనో బల్ల మీద పెట్టి, టార్చిలైటును పిల్లల చేతికే ఇవ్వండి. పై నుంచి, పక్క నుంచి, కింద నుంచి వెలుగు వేయించి, ప్రతిసారీ నీడ ఎక్కడ పడిందో వారి చేతే చెప్పించండి. మనుషుల ముఖాల మీద మనం పుట్టినప్పటి నుంచి చూస్తున్నది పై నుంచి పడే వెలుగే. ఎండ అయినా, గదిలోని దీపమైనా అంతే. అదే వెలుగు గడ్డం కింద నుంచి వస్తే నీడలు తలకిందులవుతాయి, ముక్కు కింద ఉండవలసిన నీడ ముక్కు పైకి ఎగబాకుతుంది, కనుబొమలు నుదుటి మీద నల్లగా పరుచుకుంటాయి, రోజూ చూసే ముఖమే ఎవరిదో అన్నట్టు అనిపిస్తుంది. ఒక అద్దం ఇచ్చి ఒక్కొక్కరినీ తమ ముఖం మీదే ప్రయత్నించమనండి. తర్వాత నల్ల కాగితం, తెల్ల సుద్దముక్క ఇచ్చి, వెలుగు పడిన చోట మాత్రమే సుద్ద రాయమని చెప్పండి. తెల్ల కాగితం మీద నల్ల పెన్సిలుతో హద్దులు గీయడానికి అలవాటు పడిన పిల్లలకు ఇది పూర్తిగా తిరగబడిన పని. ఆరేళ్ల పిల్లలకు మొదట అర్థం కాదు. ఒకరికి తెలియగానే మిగతావారు వారిని చూసి నేర్చుకుంటారు.

ఆ రోజే మరొక సంగతి వారంతట వారే కనిపెట్టేలా చేయవచ్చు. దీపానికి బొమ్మను దగ్గరగా జరిపితే గోడ మీద నీడ పెద్దదవుతుంది, దూరం జరిపితే చిన్నదవుతుంది. ఈ సూత్రాన్ని మీరు చెప్పకండి. ఒక చీమంత బొమ్మతో గోడంత రాక్షసుణ్ణి చేయమని పందెం పెడితే చాలు.

ఇది అయిన తర్వాతే రెండో ఆదివారం ఒక సినిమా చిత్రం చూపించండి. 1922లో జర్మనీలో ఎఫ్. డబ్ల్యు. మూర్నౌ తీసిన మూకీ చిత్రం 'నోస్ఫెరాటు'లో, మెట్ల పక్క గోడ మీద రక్తపిశాచి నీడ మాత్రమే పైకి ఎక్కుతూ వెళ్లే దృశ్యం ఉంది. మనిషి కనిపించడు, వంగిన వీపు, పొడుగాటి వేళ్లు నీడగా కనిపిస్తాయి. ఆ ఒక్క చిత్రాన్ని కాగితం మీద ముద్రించి ఇచ్చి, "దీపం ఎక్కడ ఉంది?" అని అడగండి. టార్చిలైటు పాఠం అయిన పిల్లలు దీపం ఎత్తులో లేదనీ, ఆ మనిషికి ముందో వెనకో కింద ఎక్కడో ఉండాలనీ వాదించుకుంటారు. ఆ వాదనే పాఠం. మిగతా సినిమాలో మహమ్మారి, శవపేటికలు, చావులు ఉన్నాయి కనుక అది పిల్లలకు పనికిరాదు. అయితే దాని నుంచి మరొకటి తీసుకోవచ్చు: ఆ కాలంలో రాత్రి దృశ్యాలను పగటి వెలుగులోనే తీసి, ఫిల్ముకు నీలిరంగు అద్ది రాత్రిగా చూపేవారు. మిఠాయిలకు చుట్టే నీలం, పసుపు, ఎరుపు రంగుల పల్చని కాగితాలను తెచ్చి, పిల్లలు వేసిన నలుపు తెలుపు బొమ్మ మీద ఒక్కొక్కటే పరిచి చూపండి. రాత్రి అంటే నల్లరంగు పూయడమే అన్న నమ్మకం అక్కడితో సడలుతుంది.

గీత నేర్పడానికి అంతకు రెండేళ్ల ముందు, 1920లో విడుదలైన 'డాక్టర్ కాలిగారి' చిత్రానికి సాటి లేదు. రాబర్ట్ వీనె దర్శకత్వం వహించిన ఆ సినిమాకు హెర్మన్ వార్మ్, వాల్టర్ రైమన్, వాల్టర్ రోరిగ్ అనే ముగ్గురు కళాకారులు రంగస్థలం రూపొందించారు. అందులో ఇళ్లు పక్కకు ఒరిగి ఉంటాయి, కిటికీలు మొనదేలి ఉంటాయి, వీధులు మెలికలు తిరుగుతాయి. అన్నిటికంటే పిల్లలను అబ్బురపరిచేది ఏమిటంటే, గోడల మీద, నేల మీద కనిపించే వెలుగుచారలు, నీడలు చాలాచోట్ల దీపాలవి కావు; కుంచెతో రంగు పూసినవి. నీడను చూసి వేయడమే కాకుండా, కావలసిన చోట కల్పించి కూడా వేయవచ్చని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం దొరకదు. ఇక్కడ కూడా నాలుగైదు నిశ్చల చిత్రాలే చూపించండి, కథ హత్యలతో నిండినది. తర్వాత వారికి బాగా తెలిసిన చోటును, మీ ఊరిలో అయితే గోదావరి మీది పాత హేవలాక్ వంతెనను, రెండుసార్లు వేయించండి: ఒకసారి స్తంభాలు నిటారుగా, రెండోసారి ఒక్క గీత కూడా నిటారుగా ఉండకూడదన్న నియమంతో. రెండింటినీ పక్కపక్కన పెట్టినప్పుడు, ఏమీ చేర్చకుండానే, ఒక దయ్యాన్నయినా వేయకుండానే రెండో బొమ్మ ఎందుకు భయపెడుతోందో వారే చెబుతారు. వీలైతే ఆ మరుసటి వారం దామెర్ల రామారావు చిత్రకళా మందిరానికి తీసుకువెళ్లండి. ఇరవై ఎనిమిదేళ్లయినా నిండకుండానే 1925లో కన్నుమూసిన ఆ చిత్రకారుడి మెత్తని గీతల ముందు నిలబడితే, ఒరిగిన గీత చేసే అలజడి ఎలాంటిదో పిల్లలకు మరింత స్పష్టమవుతుంది.

ఇక మన సినిమాల సంగతి. పాశ్చాత్య చిత్రాలను ముందు చెప్పాను కానీ, నిజానికి మీ తరగతికి అన్నిటికంటే అనువైన రాక్షసుడు 'మాయాబజార్'లోని ఘటోత్కచుడు. 1957లో కె. వి. రెడ్డి దర్శకత్వంలో వచ్చిన ఆ చిత్రానికి కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే. ఎస్. వి. రంగారావు కిరీటం, గద, మీసం చూసి పిల్లలు మొదట జంకినా, లడ్లు వాటంతట అవే ఎగిరి ఆయన నోట్లోకి వెళ్లే చోట నవ్వకుండా ఉండలేరు. భయమూ నవ్వూ ఒకే ముఖంలో ఎలా ఇముడుతాయో అడగడానికి ఇంతకు మించిన నమూనా లేదు. పెద్ద కళ్లు, ఎత్తిన కనుబొమలు, మీసపు మెలిక అన్నీ భయపెట్టేవే. మరి బుగ్గలు ఏం చేస్తున్నాయి? కనుబొమలను మాత్రం మార్చి అదే ముఖాన్ని నాలుగుసార్లు వేయమంటే కోపం, ఆకలి, ఆశ్చర్యం, సంతోషం వస్తాయి.

ఈ సినిమాతో మరొక పాఠం కూడా ఉంది, అది మరే సినిమాతోనూ ఇంత సులువుగా కుదరదు. నలుపు తెలుపులో తీసిన 'మాయాబజార్'కు 2010లో రంగులు అద్ది మళ్లీ విడుదల చేశారు. ఒకే దృశ్యం రెండు రూపాలలోనూ మనకు దొరుకుతుంది. ముందు నలుపు తెలుపు చిత్రాన్ని జిరాక్స్ తీసి ఇచ్చి, ఘటోత్కచుడి బట్టలకు, నగలకు, గోడలకు పిల్లలనే రంగులు వేయమనండి. అందరూ ముగించాక రంగుల చిత్రాన్ని చూపండి. తమ రంగులే బాగున్నాయని చాలామంది పట్టుబడతారు, పట్టుబట్టనివ్వండి. బూడిదరంగులోని ఒకే ఛాయ వెనక ఎరుపు ఉండవచ్చు, ఆకుపచ్చ కూడా ఉండవచ్చు అన్న సంగతి పుస్తకంలో చదివితే ఈ వయసులో ఎక్కదు. వెన్నెల పడవ దృశ్యాన్ని మాత్రం నలుపు తెలుపులోనే చూపించండి. కెమెరాతో బార్‌ట్లే కల్పించిన ఆ వెన్నెలకు రంగు అవసరం లేదని నా అభిప్రాయం.

'పాతాళభైరవి'లోని మాంత్రికుడి గుహ, భైరవి విగ్రహం కూడా పాఠానికి పనికివస్తాయి, అయితే కథలో నరబలి ఉంది కనుక నిశ్చల చిత్రంతో ఆపండి. ఈ రెండు సినిమాలనూ నిర్మించిన నాగిరెడ్డి, చక్రపాణి 1947లో 'చందమామ'ను ప్రారంభించినవారే. ఆ పత్రికలో శంకర్ వేసిన బేతాళ కథల బొమ్మ, అంటే శ్మశానంలో భుజాన శవంతో, చేతిలో కత్తితో నడిచే విక్రమార్కుడి బొమ్మ, నెలనెలా కొన్ని తరాల పిల్లల చేతుల్లోకి వచ్చింది. ఆ తల్లి కూడా బహుశా దానిని చూసే పెరిగి ఉంటారు. మీ పాత సంచికలు ఉంటే తీయండి. శవం బరువు రాజు ఒంట్లో ఎక్కడ తెలుస్తోందని అడిగితే, పిల్లలు లేచి ఒకరినొకరు భుజాన ఎత్తుకుని చూస్తారు. కాసేపు అల్లరి భరించవలసి ఉంటుంది.

నీడ గురించి మాట్లాడుతూ తోలుబొమ్మలను వదిలిపెట్టలేం. శ్రీ సత్యసాయి జిల్లాలో ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఈ బొమ్మలు చేసే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. వారిలో దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. మేకతోలును వెలుగు దూరేంత పల్చగా శుద్ధి చేసి, నగల కోసం చిన్న చిన్న చిల్లులు పొడిచి, రంగులు వేస్తారు కనుక తెర మీద పడేది రంగు నీడ. ఇందుకు పూర్తిగా భిన్నమైనది జర్మనీకి చెందిన లొట్టె రైనిగర్ పద్ధతి. ఆమె నల్ల అట్టను, పల్చని సీసపు రేకును కత్తిరించి, కీళ్ల దగ్గర తీగతో కలిపి, కింద నుంచి వెలుగు వచ్చే గాజుపలక మీద పరిచి, ఒక్కొక్క కదలికనూ పై నుంచి ఫొటో తీస్తూ, అరేబియన్ రాత్రుల కథలతో 'ప్రిన్స్ అహ్మద్ సాహసాలు' అనే చిత్రాన్ని 1926 నాటికి పూర్తి చేశారు. దానికి సుమారు మూడేళ్లు పట్టింది. నేటికి మిగిలి ఉన్న పూర్తి నిడివి యానిమేషన్ చిత్రాలలో అదే అన్నిటికంటే పాతది. అందులో మాంత్రికుడు, మంత్రగత్తె రకరకాల జంతువులుగా మారుతూ పోరాడే ఘట్టం ఉంది. ఏడేళ్లు దాటిన పిల్లలకు దానిని కదులుతూ ఉండగానే చూపవచ్చు, ఎందుకంటే అక్కడ ముఖాలు లేవు, రక్తం లేదు, హద్దుగీత ఒక్కటే ఉంది.

ఈ రెండు పద్ధతులనూ తరగతిలో చేయించండి, దీనికి రెండు మూడు ఆదివారాలు కేటాయించినా తప్పు లేదు. సగం మంది నల్ల అట్టతో దయ్యాన్ని కత్తిరించాలి. లోపల ఏమీ గీయడానికి వీలులేదు కనుక ముక్కు, గోళ్లు, జుట్టు అన్నీ అంచు మీదే తెలియాలి. మిగతా సగం మంది తెల్ల కాగితం మీద స్కెచ్ పెన్నులతో ముదురు రంగులు వేసి, వెనక వైపు కొబ్బరినూనె పల్చగా రాసి ఆరబెట్టాలి. నూనె పట్టిన కాగితం నుంచి వెలుగు దూరుతుంది, తోలుబొమ్మ పని చాలావరకు చేస్తుంది. కీళ్లకు దారపు ముడి చాలు. ఒక పాత తెల్ల పంచెను గుమ్మానికి కట్టి, వెనక ఎల్‌ఈడీ దీపం పెట్టండి. పిల్లలున్న చోట, కాగితాల దగ్గర నూనె దీపం, కొవ్వొత్తి వద్దు. నల్లబొమ్మను ముందుకూ వెనక్కూ జరిపితే నీడ ఎలా మారుతుందో వారికి మొదటి రోజే తెలుసు కనుక, దయ్యాన్ని ఎప్పుడు పెద్దది చేయాలో వారే తేల్చుకుంటారు.

ఆరేళ్ల పిల్లలలో బాగా చిన్నవారికి ఇవి కూడా ఎక్కువే అనిపిస్తే, హయావో మియజాకి 1988లో తీసిన 'మై నైబర్ టొటోరో'లో పాత ఇంట్లో చీకటి మూలల నుంచి పరుగెత్తే మసి ఉండలను చూపించండి. నల్లటి బొచ్చు ఉండ, రెండు కళ్లు, అంతే. బొగ్గుముక్కతో పాత వార్తాపత్రిక మీద రుద్ది, వేలితో చెదిరించి, తెల్ల కాగితపు కళ్లు అంటిస్తే బొమ్మ పూర్తవుతుంది. కళ్లను దగ్గరగా పెడితే ఒక స్వభావం, ఎడంగా పెడితే మరొకటి. లయ నేర్పడానికి డిస్నీ సంస్థ 1929లో తీసిన, ఆరు నిమిషాలైనా లేని 'స్కెలిటన్ డ్యాన్స్' ఉంది. అబ్ ఐవర్క్స్ చేత్తో గీసిన బొమ్మలలో నాలుగు అస్థిపంజరాలు శ్మశానంలో గంతులు వేస్తాయి, ఒకటి ఇంకొకదాని వెన్నెముకను వాయిద్యంగా వాయిస్తుంది, తెల్లవారి కోడి కూయగానే గోతిలోకి దూకేస్తాయి. మొత్తం చూపించదగినది, ధ్వనితో చూపవలసినది ఇది ఒక్కటే. తర్వాత నోటుపుస్తకం అంచున పేజీకి ఒక బొమ్మ చొప్పున పన్నెండు అస్థిపంజరాలు వేయించి, పేజీలను చకచకా తిప్పించండి. ఎనిమిది, తొమ్మిదేళ్ల వారికి 1993లో హెన్రీ సెలిక్ తీసిన 'ది నైట్‌మేర్ బిఫోర్ క్రిస్మస్'లోని రెండు ఊళ్ల చిత్రాలను పక్కపక్కన పెట్టి రంగుల తేడా అడగవచ్చు.

ఒక విషయంలో మాత్రం మీరు చాలా జాగ్రత్తగా ఉండాలి, దీనిని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు కనుక కాస్త వివరంగా రాస్తున్నాను. భయపెట్టే ముఖం వేయమనగానే పిల్లలు దాదాపు ఎప్పుడూ నలుపు అందుకుంటారు. లేదా ఒక కన్ను లేకుండా, కుంటికాలుతో, గూనితో, ముఖం మీద కోతగాయంతో వేస్తారు. ఆడ దయ్యం అయితే తెల్లచీర, విరబోసుకున్న జుట్టు. ఇవి వారి ఊహలు కావు, సినిమాలు వారికి అప్పగించిన వాడుకలు. నోస్ఫెరాటు రూపాన్ని యూదుల మీద ఆనాడు యూరప్‌లో చలామణిలో ఉన్న వ్యంగ్యచిత్రాలతో పోల్చి విమర్శించినవారు ఉన్నారు. మన సినిమాలలో రాక్షసులకు, రౌడీలకు నల్లరంగు పులిమిన చరిత్ర చిన్నది కాదు. మీ తరగతిలో చామనఛాయ పిల్లలు ఉంటారు, కళ్లద్దాల పిల్లలు ఉంటారు, ఎవరికో ఒకరికి నడకలో ఇబ్బంది ఉండవచ్చు. కాబట్టి మొదటి నుంచే ఒక నియమం పెట్టండి: ఒంటిరంగు, అవయవలోపం, వయసు, వైధవ్యం వీటితో భయం పుట్టించకూడదు. వెలుగు, గీత, పరిమాణం, ఖాళీ స్థలం వీటితోనే పుట్టించాలి. ఇది నీతిపాఠంగా చెప్పనక్కరలేదు, చిత్రలేఖన నియమంగానే చెప్పండి. గులాబీ రంగు దయ్యాన్ని భయంకరంగా వేయమని అడిగి చూడండి, నలుపును నమ్ముకున్న పిల్లలు అప్పుడు ఎంత ఆలోచిస్తారో మీకే తెలుస్తుంది.

ఈ కారణం వల్లనే చేతబడి, బాణామతి, ఆడవారికి దయ్యం పట్టడం, భూతవైద్యం ఉన్న సినిమాలను, అవి ఎంత గొప్ప ఛాయాగ్రహణంతో ఉన్నా, పూర్తిగా పక్కన పెట్టమంటాను. మంత్రాల నెపంతో మనుషులను చంపిన సంఘటనలు మన రెండు రాష్ట్రాలలోనూ జరిగాయి. పిల్లలు ఘటోత్కచుణ్ణి నమ్మరు కానీ, వీధి చివరి ముసలమ్మ మీద పుట్టిన పుకారును నమ్ముతారు. రోజూ కనిపించే అమ్మే పరాయి మనిషిగా మారిపోయే కథలు కూడా తొమ్మిదేళ్ల లోపు వారికి వద్దు. 2009 నాటి 'కోరలైన్' బొమ్మల అల్లిక రీత్యా అద్భుతమైనదే, అయినా కళ్ల స్థానంలో గుండీలు కుట్టుకున్న రెండో అమ్మను ఈ వయసులో చూపడం తొందరపాటు. సినిమాల ధ్రువీకరణ నియమాలు 2024లో మారి, యూఏ అనే వర్గం 7, 13, 16 ఏళ్ల మెట్లుగా విడిపోయింది కనుక కొత్త చిత్రాలకు ఆ అంకె చూడండి. అయితే ధ్రువపత్రం మీ బదులు సినిమా చూడదు, ముందుగా మీరు ఒంటరిగా మొత్తం చూడక తప్పదు.

ఇక ఆ తల్లి మాట. ఆమె భయానికి ఆధారం లేకపోలేదు. అమెరికా పరిశోధకురాలు జోన్ కాంటర్ 1980ల నుంచి పిల్లల భయాల మీద చేసిన పనిలో తేలినది ఏమిటంటే, సుమారు ఏడేళ్ల లోపు పిల్లలు ప్రధానంగా రూపాన్ని చూసి జడుసుకుంటారు, పెద్దవుతున్నకొద్దీ జరగగల ప్రమాదాన్ని తలచుకుని భయపడతారు. బాగా చిన్న పిల్లలకు "అది నిజం కాదు" అన్న మాట పెద్దగా ఊరట ఇవ్వదు. దగ్గర కూర్చోబెట్టుకోవడం, ఆ వస్తువును మెల్లగా చూసి తాకనివ్వడం మేలుగా పనిచేస్తాయి. 1980లో ప్రసారమైన తన పిల్లల టీవీ కార్యక్రమంలో అమెరికాకు చెందిన ఫ్రెడ్ రోజర్స్, చూసే పిల్లలను టీవీ ద్వారానే 'ఇన్‌క్రెడిబుల్ హల్క్' అనే పచ్చటి రాక్షసుడి ధారావాహిక చిత్రీకరణ స్థలానికి తీసుకువెళ్లి, నటుడి ఒంటికి పచ్చరంగు పూయడం చూపించాడు. మీ తరగతిలో జరగవలసినది అంతకంటే ఒక అడుగు ముందుది, ఎందుకంటే అక్కడ రంగు పూసేది పిల్లలే.

ఆ పాప ఆరేడేళ్లదైతే సినిమా చిత్రాల జోలికి పోకుండా టార్చిలైటు, నీడబొమ్మ, మసి ఉండ పాఠాలతో మొదలుపెట్టండి. తరగతి ఉదయం పూట, గదిలో కొంత వెలుతురు ఉండగా, 'స్కెలిటన్ డ్యాన్స్'కు తప్ప ధ్వని తీసేసి జరగాలి. టార్చి మీట పాప చేతిలోనే ఉండాలి, చాలు అనగానే ఆర్పేసుకునేలా. తలుపు పక్కన ఒక చాప వేసి, చూడటం ఇష్టం లేనివారు అక్కడ వేరే బొమ్మ వేసుకోవచ్చనీ, ఎవరూ వెక్కిరించకూడదనీ ముందే చెప్పండి. తల్లిదండ్రులందరికీ చూపబోయే చిత్రాలను వారం ముందే పంపండి, ఆమెను మొదటి తరగతికి వచ్చి కూర్చోమనండి. వచ్చి చూసిన తర్వాత కూడా వద్దంటే, ఆ నెల ఆ పాపకు వేరే పాఠం చెప్పండి. పిల్ల సంగతి మీకంటే ఆమెకు ఎక్కువ తెలుసు. ఇంటికి వెళ్లాక రెండు మూడు రాత్రులు దాటినా నిద్ర సరిగా లేదని ఏ ఇంటి నుంచైనా కబురు వస్తే, ఆ పిల్లలకు అలాంటి చిత్రాలు చూపడం ఆపేయండి. ఒక్క వారం ఆగితే చాలని అనుకోకండి, పూర్తిగా ఆపండి.

ప్రొజెక్టర్ కొనవద్దు. పెద్ద తెర మీద పెద్ద రాక్షసుడు పిల్లవాడి కంటే పెద్దవాడవుతాడు. అరచేతంత కాగితం మీద పిల్లవాడే పెద్ద. నిశ్చల చిత్రాలను ఏ4 కాగితాల మీద ముద్రింపించి ఇద్దరికి ఒకటి చొప్పున ఇవ్వండి, వాటి మీద వెలుగు దిక్కును బాణం గుర్తులతో గీసుకోవచ్చు. కదిలే దృశ్యాలు మూడో నాలుగో మాత్రమే కనుక వాటికి ల్యాప్‌టాప్ చాలు. ఇంటర్నెట్ నుంచి నేరుగా వేసేటట్టయితే, ఒకటి అయిపోగానే తర్వాతి వీడియో దానంతట అదే మొదలయ్యే ఏర్పాటును ఆపివేసి, పక్కన వరుసగా కనిపించే బొమ్మలు తెర మీద లేకుండా చూసుకోండి. మీరు ఎంచిన దృశ్యం కంటే ఆ పక్క బొమ్మలే ఎక్కువ భయంకరంగా ఉంటాయి. మిగిలిన డబ్బుతో నల్ల చార్ట్ కాగితాలు, నాలుగు టార్చిలు, ఒక పెద్ద అద్దం కొనండి.